రెండో మాత్ర

"రక్తం పల్చబడే మాత్ర ఆఖరుసారి ఎప్పుడు వేసుకున్నారమ్మా?"

పొద్దుటినుంచీ ఈ ప్రశ్న అడగని మనిషి ఆ ఆసుపత్రిలో లేడు. స్ట్రెచరు మీద లోపలికి తోస్తుండగానే ఎమర్జెన్సీ డాక్టరు అడిగాడు. ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూసి, తుంటి ఎముక విరిగిందని చెప్పి, ఎముకల డాక్టరు అడిగాడు. చేతికి సూది పెడుతూ నర్సు అడిగింది. ఇప్పుడు మందుల గది నుంచి ఒకతను పనిగట్టుకుని మేడెక్కి వచ్చి మరీ అడుగుతున్నాడు.

"నిన్న రాత్రి. ఇవాళ వేసుకోలేదు. ఎన్నిసార్లు చెప్పాలి నాయనా?" అని కసురుకుంది చెకింగమ్మ.

కసరడం కావాలనే కసిరింది. సిటీ బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేసే ఉద్యోగంలో తల నెరిసిన మనిషి ఆమె. "ఎక్కడెక్కావు?" అని ఒకసారి అడిగి, నాలుగు సీట్లు ముందుకు పోయి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కొచ్చి మళ్ళీ అదే అడిగేది. నిజం చెప్పినవాడు రెండోసారి విసుక్కుంటాడు. అబద్ధం చెప్పినవాడు మొదటిసారికంటే మర్యాదగా చెబుతాడు. అలా ఎంతమందిని దింపేసిందో ఆమెకే లెక్క తెలియదు. ఆ పేరు అప్పుడు పడిందే. ఉద్యోగం పోయినా పేరు పోలేదు.

కాబట్టి ఒకే మాట ఇంతమంది ఇన్నిసార్లు అడుగుతున్నారంటే వాళ్ళెవరూ తనని నమ్మడం లేదని ఆమెకు తెలుసు. కింద ఎవడో పసిగట్టాడు. వాడు ఇంకొకడి చెవిన వేశాడు. ఇక ఒక్కొక్కరే వచ్చి తలుపు తోసి చూస్తున్నారు, ఎక్కడ తెరుచుకుంటుందా అని.

మందుల గది అతను తల ఊపి వెళ్ళిపోయాడు. అతను మరీ అంత తేలిగ్గా తల ఊపడం కూడా ఆమెకు నచ్చలేదు.

మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. కళ్ళద్దాల షాపు నడిపి, అద్దాలు అరగదీసి అరగదీసి వేళ్ళ చివర్లు నున్నబడిపోయిన మనిషి. ఒళ్ళో ఆమె చేతిసంచీ పెట్టుకుని, దానికి కాళ్ళొచ్చి పారిపోతుందని ఎవరో చెప్పినట్టు, రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. కిటికీ దగ్గర కూతురు ఫోనులో సెలవు గురించి తన పై ఆఫీసరుని బతిమాలుకుంటోంది. మాట్లాడుతూనే మధ్యమధ్య తండ్రికేసి చూస్తోంది. ఆ చూపులే చెకింగమ్మకు విరిగిన తుంటికంటే ఎక్కువ సలుపుతున్నాయి.

నిజం ఏమిటంటే, ఇవాళ ఆమె మాత్ర వేసుకుంది. ఒకటి కాదు, రెండు.

గుండె లయ తప్పి కొట్టుకుంటోందని, రక్తం గడ్డకట్టి మెదడుకి పోతే ప్రమాదమని, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకోమని ఎప్పుడో రాసిచ్చారు. ఆ మాత్రలు ఇచ్చే పని ఆయన తన మీద వేసుకున్నాడు. షాపు మూసేశాక ఆయనకు మిగిలిన ఉద్యోగం అదొక్కటే. టీ కప్పు పక్కన మాత్ర పెట్టేవాడు కాదు, అరచేతిలో పెట్టుకుని తెచ్చి, ఆమె మింగేదాకా నిలబడేవాడు.

కొన్నాళ్ళ కిందట ఒక ఉదయం మాత్ర ఇచ్చాడు, పేపరు చదివాడు, లేచి మళ్ళీ మాత్ర తెచ్చాడు. "ఇందాక ఇచ్చారుగా!" అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి ఆగిపోయింది. ఒక అరచేతిలో మాత్ర, ఇంకో చేతిలో నీళ్ళ గ్లాసు, కళ్ళార్పకుండా ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. ఇందాక ఇచ్చింది మర్చిపోయాడు అనుకుంది ఆమె. నోరు తెరిచి మాత్ర వేసుకుంది, బుగ్గలో దాచుకుంది, నీళ్ళు తాగింది, వంటింట్లోకి వెళ్ళి సింకులో ఉమ్మేసింది. అప్పటినుంచీ పొద్దుటిపూట కొన్ని రోజులు ఒకటి, కొన్ని రోజులు రెండు. రెండోది ఎప్పుడూ సింకుకే. ఆయనకు తెలియనివ్వలేదు. కూతురికి అసలే తెలియనివ్వలేదు.

కూతురికి తెలిస్తే ఏమవుతుందో ఆమె చూసి వచ్చింది. పై వాటాలో ఉండే మాస్టారు ఇలాగే మతిమరుపుతో రెండు మూడుసార్లు దారి తప్పారని ఆయన పిల్లలు అలాంటివాళ్ళను చూసుకునే ఒక హోములో చేర్పించారు. మాస్టారి భార్యకు తోడుగా చెకింగమ్మ ఒకసారి అక్కడికి వెళ్ళింది. శుభ్రంగానే ఉంది. నేల అద్దంలా ఉంది. తలుపుకి మాత్రం అంకెల తాళం, ఆ అంకెలు లోపలివాళ్ళకు చెప్పరు. వచ్చేటప్పుడు మాస్టారు వాళ్ళతోపాటు తలుపుదాకా వచ్చి, చెప్పులు వేసుకుని నిలబడ్డారు, తనూ వస్తున్నట్టు. ఆ తర్వాత పై వాటాలో మాస్టారి భార్య నడిచే చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది, ఒక జత కాళ్ళది. "చోటు బాగుందట కదమ్మా," అని కూతురు ఆమధ్య అంది. ఎందుకంది? ఊరికే ఎందుకంటుంది?

ఇవాళ పొద్దున టీతో మాత్ర ఇచ్చాడు, మింగింది. కప్పు పట్టుకుని వంటింట్లోకి అడుగు పెడుతుండగా గడప దగ్గర కాలు మెలిపడింది. పడ్డాక లేవలేకపోయింది. పక్కింటివాళ్ళు అంబులెన్సుకి ఫోను చేస్తుంటే ఆయన ఆమె పక్కన నేల మీద కూలబడి, తల ఒళ్ళోకి తీసుకుని, "ఇది వేసుకో ముందు," అంటూ మాత్ర నోట్లో పెట్టి నీళ్ళు పోశాడు. తల తిప్పే వీల్లేదు. సింకు నాలుగడుగుల దూరంలో ఉంది, ఆకాశంలో ఉన్నంత దూరంగా ఉంది. మింగేసింది.

ఆసుపత్రికి వచ్చాక డాక్టరు అడిగిన మొదటి ప్రశ్నకు ఆయనే అందుకుని, "రాత్రి ఇచ్చానండీ. ఇవాళ ఇంకా ఇవ్వలేదు. ఈ హడావుడిలో ఎక్కడ?" అనేశాడు. అప్పుడే పరిగెత్తుకొచ్చిన కూతురు పక్కనే ఉంది. భర్త మాట కాదంటే, ఆయన సంగతి ఆ క్షణాన, ఆ ట్యూబులైటు కింద, అందరి ముందూ బయటపడుతుంది. "అవును, నిన్న రాత్రే," అంది చెకింగమ్మ. అంతే. ఒక్క అబద్ధం పొద్దుటినుంచీ కాళ్ళొచ్చి వార్డంతా తిరుగుతోంది.

ఎముకల డాక్టరు దాన్ని పట్టుకునే లెక్క వేశాడు. "ఈ వయసులో మంచం మీద ఎక్కువసేపు ఉంచకూడదమ్మా. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, వీపు పుండ్లు పడుతుంది. ఎంత తొందరగా లేపి నిలబెడితే అంత మంచిది. మాత్ర నిన్న రాత్రిది కాబట్టి రేపు పొద్దున మొదటి కేసు మీదే."

"ఒకవేళ ఎవరైనా... ఇవాళ వేసుకుని ఉంటే?" అని అప్పుడామె అడిగింది.

డాక్టరు పెన్ను ఆపాడు. "వేసుకోలేదన్నారుగా?"

"మాటవరసకి అడిగానండీ."

"వేసుకుని ఉంటే లెక్క మారుతుంది," అని, ఇంకేదో అడగబోయి, ఫోను మోగితే వెళ్ళిపోయాడు. ఆ అడగని మాట ఏమిటో అని ఆమె మధ్యాహ్నమంతా మథనపడింది.

ఎండ కిటికీ దిగిపోతుండగా మత్తు డాక్టరు వచ్చింది. చిన్న పిల్ల. స్టూలు లాక్కుని మంచం పక్కన తీరిగ్గా కూర్చుంది. తీరిగ్గా కూర్చునేవాళ్ళంటే చెకింగమ్మకు ఇంకా అనుమానం. నిలబడి అడిగేవాడు జవాబు రాగానే పోతాడు, కూర్చుని అడిగేవాడు ఆరా తీస్తాడు. కూతురు టీ తేవడానికి కిందికి వెళ్ళింది. కుర్చీలో ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు.

"అమ్మగారూ, రేపు మీకు మత్తిచ్చేది నేనే. ఒక్క మాట అడగాలి."

"మాత్ర సంగతేగా? నిన్న రాత్రి. ఇంకా ఎవరు మిగిలారు అడగడానికి, ఊడ్చే ఆమె వచ్చిందంటే అయిపోతుంది!"

డాక్టరమ్మ నవ్వింది. "మీరు కోప్పడ్డా నేను అడగాల్సిందే."

"నామీద అంత అనుమానం దేనికి తల్లీ?"

"మీమీద కాదమ్మా, మాత్ర మీద." ఆ అమ్మాయి తన నడుము వెనక్కి చెయ్యి పెట్టి చూపించింది. "మీ ఊపిరితిత్తులు అంత బాగాలేవు. అందుకని పూర్తి మత్తు కాకుండా ఇక్కడ, వెన్నులో, సన్నటి సూది ఇస్తాం. నడుము నుంచి కిందికే మత్తు. చాలా మంచి పద్ధతి. కానీ మాత్ర ఇంకా ఒంట్లో పనిచేస్తుంటే సూది గుచ్చిన చోట లోపల రక్తం ఆగకుండా కారి పేరుకుంటుంది. అది నరాలను నొక్కేస్తే కాళ్ళు చచ్చుబడిపోవచ్చు. అరుదే. కానీ అయిందంటే మాత్రం వెనక్కి తేలేం. మునుపు ఈ భయంతోనే రోజులతరబడి ఆపేసేవాళ్ళు, ఆ ఆపడంలోనే మనుషులు పోయేవాళ్ళు. ఇప్పుడు అంత ఆపం. తొందరపడినా కష్టమే, నాన్చినా కష్టమే. మాత్ర ఎప్పుడు పడిందో తెలిస్తేనే ఆ రెంటి మధ్యా దారి చూసుకోగలం. ఈ మాత్ర సంగతి మామూలు రక్తపరీక్షలో సరిగ్గా తెలియదు. మీరు చెప్పిందే మాకు ఆధారం."

చెకింగమ్మ దుప్పటి కింద తన కాళ్ళకేసి చూసుకుంది.

మొదట మొండితనమే వచ్చింది. అయితే అవుతుంది, నా కాళ్ళేగా అనుకుంది. అంతలో ఆయనకేసి చూసింది. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు. తన కాళ్ళు పడిపోతే ఆయనకు టీ ఎవరు పెడతారు? ఆయన రెండోసారి తెచ్చిన మాత్ర ఎవరు బుగ్గలో దాస్తారు? తను పడిపోయిన మర్నాడే ఆ అంకెల తాళం వెనక ఆయన చెప్పులు వేసుకుని నిలబడతాడు. ఏది రాకూడదని పొద్దుటినుంచీ ఈ అబద్ధం మోస్తోందో, ఆ అబద్ధమే దాన్ని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేలా ఉంది.

"డాక్టరమ్మా," అంది. "రాసుకున్నది కొట్టెయ్యి. ఇవాళ పొద్దున వేసుకున్నాను. రెండు."

గుమ్మంలో టీ కప్పులతో కూతురు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో.

డాక్టరమ్మ ఆశ్చర్యపోలేదు, తిట్టలేదు. ఏ వేళకి ఒకటి, ఏ వేళకి రెండోది అని అడిగింది. టీతో ఒకటి, పడ్డాక ఒకటి అని చెప్పింది చెకింగమ్మ. ఆ అమ్మాయి అదంతా రాసుకుని లేచింది. "చెప్పారు, బతికించారు. మీ కిడ్నీలు కాస్త నెమ్మదిగా పనిచేస్తున్నాయి, మాత్ర బయటికి పోవడానికి ఇంకొంచెం సమయం కావాలి. రేపు కాదు, ఎల్లుండి పొద్దున. అంతకుమించి ఆపం. ఎముకల సార్‌తో నేను మాట్లాడతాను. ఈలోగా ఆ మాత్ర ఎవరిచ్చినా వేసుకోకండి," అని వెళ్ళిపోయింది.

కూతురు కప్పులు కింద పెట్టింది. "రెండేంటమ్మా? ఎవరిచ్చారు?"

"నేనే," అన్నాడు ఆయన.

"మర్చిపోయావా నాన్నా?"

"మర్చిపోవడమేంటే? కావాలనే ఇచ్చాను." కళ్ళజోడు పెట్టుకున్నాడు. "మీ అమ్మ మాత్రలు మింగట్లేదు. ఉమ్మేస్తోంది. సింకు జాలీలో చిక్కుకున్న మాత్ర నేను నా కళ్ళతో చూశాను. అడిగితే ఒప్పుకునే మనిషా? ఊళ్ళో వాళ్ళందరి దొంగతనాలూ పట్టుకుంది, తనది ఒప్పుకుంటుందా? అందుకని అనుమానం వచ్చిన రోజు ఇంకోటి ఇచ్చి ఎదురుగా నిలబడేవాణ్ణి."

చెకింగమ్మ దిండు మీంచి తల ఎత్తింది. "నేను ఉమ్మింది మీరిచ్చిన రెండోదాన్ని!"

"నేను రెండోది ఇచ్చింది నువ్వు ఉమ్మినందుకు!"

"మీ ఇద్దరిదీ కాపురమా, పోలీసు స్టేషనా?" అంది కూతురు. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా కొంగుతో ముక్కు తుడుచుకుంది.

కానీ చెకింగమ్మ నవ్వలేదు. పాత బుద్ధి ఊరుకోనివ్వలేదు. "మరి పొద్దున డాక్టరుకి ఇవాళ ఇవ్వలేదని చెప్పారే?"

"ఏం చెప్పమంటావు? మొదటిది నువ్వు మింగావని నాకు నమ్మకం లేదు. రెండోది కూడా దాచుకుని ఉమ్మి ఉంటావనుకున్నాను. లోపలికి పోయిందేమీ లేదుగా, అందుకే లేదన్నాను. పిల్ల ముందు నువ్వు మందులు ఉమ్మేస్తున్నావని చెప్పి నిన్ను బజార్న పెట్టమంటావా?" ఆయన గొంతు పెరిగింది. విసుక్కున్నాడు.

విసుక్కున్నాడంటే నిజమే. అని అనుకోబోయి ఆగిపోయింది. పొద్దుటినుంచీ విసుక్కుని అబద్ధం చెప్పింది తనే కదా. బస్సుల్లో ఎవరిని ఎలా పట్టుకుందో ప్రతి సాయంత్రం ఈయనకే చెప్పేది. ఆ కిటుకులన్నీ తనతో సమానంగా తెలిసిన మనిషి లోకంలో ఈయనొక్కడే.

"సరే. ఆ జాలీలో మాత్ర చూసింది, నేను ఉమ్మడం మొదలుపెట్టక ముందా, తర్వాతా? ముందైతే అది అక్కడికి ఎలా వచ్చింది?"

"అది నువ్వు చెప్పాలి. నా చేతిలోంచి తీసుకుంటూ ఎప్పుడైనా జారవిడిచావేమో."

జారవిడిచిందా? ఎంత తవ్వినా గుర్తు రాలేదు. ఆయన మర్చిపోయి ఉండాలి, లేదా తను మర్చిపోయి ఉండాలి. లేదా ఆయన ఇప్పటికిప్పుడు, కూతురి కళ్ళల్లోకి చూస్తూ, ఇదంతా అల్లి ఉండాలి. తనని కాపాడుకోడానికో, ఆమెని కాపాడటానికో. ఎంత అనుభవమున్నా ఆ మొహం మీద ఆమెకు ఏమీ చదవడం రాలేదు. ఇన్నేళ్ళు దగ్గరగా చూసిన పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయినట్టుంది.

కూతురు మంచం అంచున కూర్చుంది. గొంతు తగ్గించింది గానీ దాచుకోలేదు. "అమ్మా, సూటిగా అడుగుతున్నాను. నువ్వు లేచేదాకా నాన్న ఇంట్లో ఒక్కడే ఉండగలడా?"

"ఎందుకుండను?" అన్నాడు ఆయన. "నేనేం చిన్నపిల్లాణ్ణా? చెప్పవే."

ఇద్దరూ ఆమెకేసే చూస్తున్నారు. ఉండగలడు అంటే చాలు. ఆయన కథ నిలబడుతుంది, ఆయన ఇంటికి వెళతాడు, ఆయన మంచం మీద ఆయన పడుకుంటాడు. ఇల్లు ఇల్లులా ఉంటుంది. ఆ మాట నోటిదాకా తెచ్చుకుంది. వెంటనే ఆయన ఒక్కడే ఉన్న వంటింట్లో పొయ్యి కళ్ళముందు మెదిలింది, మంట లేకుండా గ్యాసు చప్పుడు చేస్తూ.

"నీతో తీసుకెళ్ళు," అంది కూతురితో.

ఆయన సంచీ మీద చేతులు బిగిశాయి. "నన్ను నమ్మట్లేదా?"

"నమ్ముతున్నానండీ. మీరు చెప్పిందంతా నిజమే అయ్యుంటుంది. అయినా వెళ్ళండి."

"నమ్మితే ఎందుకు వెళ్ళమంటావు?"

ఆమె కూతురి మీద పడింది. "మీ ఇంటికే. ఇంకెక్కడికీ కాదు. విన్నావా? నేను లేచిన రోజున ఆయన మీ ఇంట్లో సోఫాలో కనిపించాలి."

"అమ్మా, నేనేమన్నానని?"

"అనలేదు. అనుకున్నావు."

కూతురి మొహం ఎర్రబడింది. కాదనలేదు. "మా ఇంటికే," అంది. ఆమె ఒక్కసారే చెప్పింది, విసుగూ లేదు, అతి మర్యాదా లేదు. అది చాలో చాలదో తేల్చుకునే ఓపిక చెకింగమ్మకు లేదు.

వెళ్ళేముందు ఆయన దగ్గరికొచ్చి దుప్పటి సరిచేశాడు. విరిగిన తుంటివైపు చెయ్యి తగలకుండా, అద్దం అంచు పట్టుకున్నంత జాగ్రత్తగా. "రేపు వస్తాను. ఆపరేషను ఎల్లుండి. విన్నాలే, నాకు చెప్పక్కర్లేదు," అన్నాడు. కోపం ఇంకా పోలేదు.

"చలిగా ఉంటుంది వాళ్ళింట్లో. స్వెట్టరు అడగండి."

ఆయన తలుపువైపు నడిచాడు. చేతిసంచీ ఆయన చేతిలోనే ఉండిపోయింది. ఆమె అడగలేదు.

తలుపు సందులోంచి వరండా ఒక ముక్క కనిపిస్తోంది. లిఫ్టు ఎడమవైపు ఉంది. ఆయన కుడివైపు తిరిగాడు.

"నాన్నా, ఇటు," అంది కూతురు.

"తెలుసులేవే. అటేముందో చూద్దామని."

అడుగుల చప్పుడు వెనక్కొచ్చి, ఎడమవైపు వెళ్ళి, లిఫ్టు తలుపుల్లో కలిసిపోయింది.

కాసేపటికి నర్సు బీపీ చూడ్డానికి వచ్చింది. చెయ్యి చాపుతూ చెకింగమ్మ అడిగింది, "వరండాలో కుడివైపు ఏముంది సిస్టర్?"

"అటా? ఏముంటుందమ్మా, కిటికీ."

"కిటికీలోంచి ఏం కనిపిస్తుంది?"

"రోడ్డు. ఎందుకమ్మా?"

"ఒకసారి చూసి చెబుతావా తల్లీ? ముసలాయన, నీలం చొక్కా. పక్కన మా అమ్మాయి."

నర్సు పట్టీ చేతికి అలాగే వదిలేసి వెళ్ళింది. వచ్చి చెప్పింది. "ఉన్నారమ్మా. టాక్సీ కోసం నిలబడ్డారు."

"చెయ్యి పట్టుకున్నారా?"

"పట్టుకున్నారు."

"ఎవరు ఎవరిది పట్టుకున్నారు?"

నర్సు ఆలోచించింది. "ఇంత పైనుంచి అది తెలియడం లేదమ్మా," అని, పట్టీ బిగించడం మొదలుపెట్టింది.